నిండుకుండలు
(జడవాయువుల ఎలక్ట్రాన్ విన్యాసం)

ఉద్దేశం

మూలకాల గుణాలకు వాటి పరమాణువుల్లోని ఎలక్ట్రాన్ల అమరికే ఆధారం. ఈ విషయాన్ని జడవాయువుల ద్వారా వివరించడం, ఆ వాయువుల చరిత్రలో గుంటూరు, పల్నాటి సీమలకు గల సంబంధాన్ని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'నిండుకుండ తొణకదు' అన్నది తెలుగువారి సామెత. పరిపూర్ణత పొందినవారు ఆర్భాటం చేయరని, కొరత ఉన్నచోటనే సందడి ఎక్కువగా ఉంటుందని దీని భావం. మనుషుల నడవడిని చూసి పెద్దలు చెప్పిన ఈ మాట కంటికి కనిపించని పరమాణువులకు కూడా వర్తించడం విశేషం.

ప్రకృతిలో లభించే మూలకాల్లో హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్ అనే ఆరు వాయువులు ఒకే కుటుంబానికి చెందినవి. ఆక్సిజన్, నైట్రోజన్ వంటి వాయువుల్లో రెండేసి పరమాణువులు జతకట్టి అణువుగా ఏర్పడతాయి. ఈ ఆరింటి పరమాణువులు మాత్రం ఒంటరిగానే సంచరిస్తాయి. సాధారణ పరిస్థితుల్లో ఇవి తమలో తాము కలవవు, ఇతర మూలకాలతోనూ కలవవు. అందుచేతనే వీటికి జడవాయువులన్న పేరు వచ్చింది. లోకవ్యవహారంలో జడుడంటే చురుకుదనం లేనివాడు, మందబుద్ధి. మరి ఈ వాయువులకు ఆ పేరు తగునా? ఈ ప్రశ్నకు సమాధానం వాటి ఎలక్ట్రాన్ల అమరికలో ఉన్నది. ఆ సమాధానానికి దారితీసిన అన్వేషణలో తొలి మజిలీ ఒకటి గుంటూరులో జరిగింది.

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం దక్షిణ భారతదేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. చంద్రుని నీడ పడమటి తీరం నుండి తూర్పుగా సాగి, పల్నాటి సీమను, గుంటూరును, మచిలీపట్నాన్ని దాటి బంగాళాఖాతంలో ప్రవేశించింది. మాచర్ల, గురజాల, నరసరావుపేట ఆ నీడ నడిచిన దారిలోనివే. ఆ కాలంలో ఈ ప్రాంతమంతా కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. 1904లో గుంటూరు జిల్లా తిరిగి ఏర్పడగా, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అవతరించింది.

ఆ గ్రహణాన్ని పరిశీలించడానికి దేశదేశాల ఖగోళ శాస్త్రజ్ఞులు తరలివచ్చారు. ఫ్రాన్స్ దేశస్థుడైన పియర్ జాన్సెన్, బ్రిటిష్ అధికారి జేమ్స్ టెన్నంట్ గుంటూరులో తమ పరికరాలను నెలకొల్పారు. మద్రాసు వేధశాలకు అధిపతియైన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలోను, అదే వేధశాలలో సహాయకుడైన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను విడిది చేశారు. గుంటూరులో సూర్యబింబం ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగుపడింది. ఆ కొద్ది నిమిషాల కోసమే అందరూ సముద్రాలు, కొండలు దాటి వచ్చారు.

వారికి ఆ నిమిషాలు ఎందుకంత విలువైనవో తెలుసుకోవాలంటే వర్ణపటదర్శిని అనే పరికరం గురించి తెలియాలి. కాంతిని దాని రంగులుగా విడదీసి చూపే సాధనం ఇది. ప్రతి మూలకాన్ని మండించినా, వేడిచేసినా అది తనకే ప్రత్యేకమైన కొన్ని రంగుగీతలను వెలువరిస్తుందని కిర్కాఫ్, బున్‌సెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 1860 ప్రాంతంలో నిరూపించారు. చేతిరాతను బట్టి రాసినవారిని గుర్తించినట్లు, గీతలను బట్టి మూలకాన్ని గుర్తించవచ్చు. పొయ్యి మంటలో ఉప్పు చిటికెడు పడితే ఆ మంట పసుపుపచ్చగా వెలగడం ఇంటింటా చూసేదే. అది ఉప్పులోని సోడియం సంతకం.

గ్రహణ సమయంలో చంద్రబింబం అంచున ఎర్రని సౌరజ్వాలలు కనిపిస్తాయి. అవి ఏ పదార్థంతో ఏర్పడినవో అంతవరకు ఎవరికీ తెలియదు. ఆనాడు వర్ణపటదర్శినిలో వాటి కాంతిని పరిశీలించినవారికి నల్లని నేపథ్యంలో ప్రకాశవంతమైన గీతలు దర్శనమిచ్చాయి. వాటిలో కొన్ని హైడ్రోజన్ గీతలు. దీనితో సౌరజ్వాలలు వాయుమయమని తేలింది. వాటితోపాటు పసుపుపచ్చని గీత కూడా ఒకటి కనిపించింది. అది సోడియం గీతయే కావచ్చునని పలువురు భావించారు. పోగ్సన్ మాత్రం అది సోడియం గీత స్థానంలో గాని, దానికి సమీపంలో గాని ఉన్నదని జాగ్రత్తగా నమోదు చేశాడు. సత్యం ఆ 'సమీపంలో' అన్న మాటలోనే దాగి ఉన్నది.

జాన్సెన్ దృష్టిని ఆకర్షించింది ఆ గీతల ప్రకాశం. ఇంత ప్రకాశవంతమైన గీతలను గ్రహణం లేకుండానే చూడవచ్చునని ఆయనకు స్ఫురించింది. మరునాడే గుంటూరులో పట్టపగటి వెలుగులో సౌరజ్వాలలను చూసి, ఆ ఊహ నిజమని నిరూపించాడు. ఈ సంగతి తెలియకుండానే ఇంగ్లండులో నార్మన్ లాకియర్ 1868 అక్టోబరు 20న ఇదే పద్ధతిలో సౌరజ్వాలలను దర్శించాడు. ఇద్దరి లేఖలు ఒకే రోజున, అంటే అక్టోబరు 26న, పారిస్‌లోని శాస్త్ర అకాడమీ ముందుకు వచ్చాయి. ఎవరు ముందన్న వివాదానికి తావివ్వకుండా ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖచిత్రాలతో ఒకే పతకాన్ని ముద్రించింది.

పసుపుపచ్చ గీతను పట్టుదలతో పరిశీలించినవాడు లాకియర్. అది సోడియం జంటగీతలకు పక్కన ఉన్నది గాని, వాటితో ఏకీభవించలేదు. సోడియం గీతల తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు. కొత్త గీతది 587.6 నానోమీటర్లు. భూమిపై తెలిసిన ఏ మూలకమూ ఈ గీతను ఇవ్వకపోవడంతో అది కొత్త మూలకానిదని లాకియర్ భావించాడు. గ్రీకు భాషలో సూర్యుని పేరైన 'హీలియోస్' నుండి 'హీలియం' అన్న పేరు పుట్టింది. అది సోడియం, కాల్షియంల వంటి లోహమని తలచడం వల్ల పేరు చివర 'ఇయం' చేరింది. అది వాయువని తేలిన తరువాత కూడా ఆ పేరు మారలేదు.

హీలియంను గుంటూరులో కనుగొన్నారన్న మాట ప్రచారంలో ఉన్నది. ఆ మాటను కొంత వివరించి చెప్పుకోవడం న్యాయం. గుంటూరులో ఎవరూ కొత్త మూలకాన్ని ప్రకటించలేదు. ఆ గీత కనిపించిన గ్రహణాన్ని పరిశీలించిన స్థలాల్లో గుంటూరు, మచిలీపట్నం ప్రధానమైనవి. గ్రహణం లేకుండా సూర్యుని పరిశీలించే మార్గం గుంటూరులో ఆవిష్కృతమైంది. ఆ మార్గమే కొత్త మూలకాన్ని గుర్తించడానికి తోడ్పడింది. ఉన్నదానికి మించి చెప్పకపోయినా ఈ సీమకు దక్కే గౌరవం తక్కువేమీ కాదు.

సూర్యునిలో మాత్రమే ఉన్నదని చెప్పిన మూలకాన్ని చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు నమ్మలేదు. ఇరవై ఏడేళ్ల తరువాత, 1895లో, విలియం రామ్సే యురేనియం గల ఒక ఖనిజాన్ని ఆమ్లంతో చర్య జరిపించి, వెలువడిన వాయువును పరీక్షించగా అదే పసుపుపచ్చ గీత ప్రత్యక్షమైంది. అంతకు ముందటి సంవత్సరమే రామ్సే, లార్డ్ రేలీ కలిసి గాలిలో ఆర్గాన్‌ను కనుగొన్నారు. గాలి నుండి తీసిన నైట్రోజన్ రసాయన పదార్థాల నుండి తీసిన నైట్రోజన్ కంటే అర శాతం బరువుగా ఉన్నట్లు రేలీ గమనించాడు. ఆ చిన్న తేడాను ఉపేక్షించకపోవడమే ఆర్గాన్‌ను బయటపెట్టింది. 1898లో రామ్సే, ట్రావర్స్ కలిసి నియాన్, క్రిప్టాన్, జినాన్‌లను కనుగొన్నారు. 1869లో మెండెలీవ్ రూపొందించిన ఆవర్తన పట్టికలో వీటికి చోటు లేదు. వీటి కోసం కొత్తగా ఒక నిలువు వరుసను చేర్చవలసి వచ్చింది. నేడు అది 18వ గ్రూపు.

ఈ మూలకాలు ఎవరితోనూ ఎందుకు కలవవు అన్న ప్రశ్నకు ఇరవయ్యవ శతాబ్దంలో సమాధానం లభించింది. పరమాణువు మధ్య ధనావేశం గల కేంద్రకం ఉంటుంది. దాని చుట్టూ రుణావేశం గల ఎలక్ట్రాన్లు నిర్దిష్టమైన శక్తి స్థాయిల్లో ఉంటాయని 1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించాడు. ఈ స్థాయిలనే కర్పరాలంటారు. ప్రతి కర్పరంలోను ఉపకర్పరాలు ఉంటాయి. ఎస్ ఉపకర్పరంలో 2, పి ఉపకర్పరంలో 6, డి ఉపకర్పరంలో 10, ఎఫ్ ఉపకర్పరంలో 14 ఎలక్ట్రాన్లకు మించి పట్టవు. మొదటి కర్పరంలో ఎస్ మాత్రమే ఉన్నది. కనుక అది రెండు ఎలక్ట్రాన్లతోనే నిండిపోతుంది. తక్కిన కర్పరాల్లో ఎస్, పి రెండూ నిండితే ఎనిమిది అవుతాయి. దీనినే అష్టకమంటారు. జడవాయువుల్లో ఎలక్ట్రాన్లు, లోపలి కర్పరం నుండి వెలుపలికి, ఈ విధంగా అమరి ఉన్నాయి.

హీలియం : 2
నియాన్ : 2, 8
ఆర్గాన్ : 2, 8, 8
క్రిప్టాన్ : 2, 8, 18, 8
జినాన్ : 2, 8, 18, 18, 8
రేడాన్ : 2, 8, 18, 32, 18, 8

హీలియంను మినహాయిస్తే అన్నింటి వెలుపలి కర్పరంలోను ఎనిమిది ఎలక్ట్రాన్లే ఉన్నాయి. ఇటువంటి అమరిక గల పరమాణువుకు మరొక ఎలక్ట్రాన్‌ను స్వీకరించవలసిన అవసరం లేదు, ఉన్నదానిని విడిచిపెట్టవలసిన అవసరమూ లేదు. దానిని బలవంతంగా ఊడబెరకడం కూడా కష్టమే. ఒక ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి కావలసిన శక్తిని అయనీకరణ శక్తి అంటారు. హీలియంకు అది 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు. మూలకాలన్నింటిలోను ఇదే అత్యధికం. సోడియంకు 5.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. సోడియం ఎలక్ట్రాన్ విన్యాసం 2, 8, 1. చివరి ఒంటరి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరంగా, వదులుగా ఉంటుంది.

సౌరజ్వాలల్లో కనిపించిన గీతను సోడియందని భ్రమించడంలోని వైచిత్రి ఇక్కడ అర్థమవుతుంది. వర్ణపటంలో పక్కపక్కన నిలిచిన ఆ పసుపుపచ్చ గీతలు పరస్పర విరుద్ధ స్వభావం గల రెండు పరమాణువులవి. ఒకటి తన ఎలక్ట్రాన్‌ను అతి సులువుగా వదులుకునేది. మరొకటి అందరికంటె గట్టిగా పట్టి ఉంచుకునేది. సోడియం ఎలక్ట్రాన్‌ను పై మెట్టుకు ఎక్కించి వెలిగించడానికి వంటింటి మంట చాలు. హీలియం ఎలక్ట్రాన్‌ను మొదటి పై మెట్టుకు చేర్చడానికే దాదాపు 20 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. పసుపుపచ్చ గీత అంతకంటె పైనున్న మెట్టు నుండి ఎలక్ట్రాన్ కొంత కిందికి దిగినప్పుడు పుడుతుంది.

సూర్యుని ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు హీలియమే. అయినా సాధారణ సూర్యకాంతి వర్ణపటంలో దాని జాడ దాదాపు కనిపించదు. కంటికి కనిపించే సూర్యుని ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెంటీగ్రేడు. హీలియం ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి ఆ వేడి కూడా చాలదు. ఉపరితలానికి పైనున్న వర్ణావరణంలోను, సౌరజ్వాలల్లోను మాత్రమే, కరోనా నుండి వచ్చే శక్తిమంతమైన అతినీలలోహిత కిరణాల ప్రభావంతో హీలియం వెలుగుతుంది. ఆ పలుచని వెలుగును సూర్యబింబపు ప్రచండకాంతి కప్పివేస్తుంది. కనుకనే గ్రహణం కోసం వేచి ఉండవలసి వచ్చింది. హీలియంను ఏ మూలకంతోనూ కలవనీయని ఎలక్ట్రాన్ల అమరికయే దానిని సూర్యకాంతిలో సైతం ఇంతకాలం దాచి ఉంచింది. కలవకపోవడం, కనిపించకపోవడం అన్న రెండు గుణాలకూ మూలం ఒక్కటే.

నిండుతనం జడవాయువులకు మాత్రమే పరిమితమైన విశేషం కాదు. తక్కిన మూలకాల్లో అనేకం ఆ నిండుతనం కోసమే పరస్పరం కలుస్తాయని 1916లో లూయిస్, కోసెల్ వేర్వేరుగా వివరించారు. పల్నాటిలో ఇందుకు నిదర్శనాలు కొల్లలు. పిడుగురాళ్ల బట్టీలలో సున్నపురాయిని కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలుపలికి పోయి సున్నం మిగులుతుంది. సున్నంలో ఉన్నవి కాల్షియం, ఆక్సిజన్. కాల్షియం విన్యాసం 2, 8, 8, 2. ఆక్సిజన్ విన్యాసం 2, 6. కాల్షియం తన చివరి రెండు ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు ఇస్తుంది. అప్పుడు కాల్షియంకు ఆర్గాన్ అమరిక, ఆక్సిజన్‌కు నియాన్ అమరిక లభిస్తాయి. ఇచ్చినదీ నిండింది, పుచ్చుకున్నదీ నిండింది. వంటింటి ఉప్పులోనూ ఇదే న్యాయం. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను ఇచ్చి నియాన్ అమరికను, క్లోరిన్ దానిని గ్రహించి ఆర్గాన్ అమరికను పొందుతాయి. అయితే సోడియం నియాన్‌గాను, కాల్షియం ఆర్గాన్‌గాను మారిపోవు. కేంద్రకం మారనంతవరకు మూలకం మారదు. పోలిక అమరికలోనే గాని కులంలో కాదు.

ఈ సూత్రం ఎంత చక్కగా కుదిరినదంటే, జడవాయువులు ఎన్నటికీ కలవవన్న మాట పాఠ్యగ్రంథాల్లో స్థిరపడిపోయింది. జినాన్ సమ్మేళనాలు సాధ్యమేనని 1933లో లైనస్ పౌలింగ్ సూచించినా, ఆనాటి ప్రయత్నాలు ఫలించలేదు. 1962లో కెనడాలో పనిచేస్తున్న నీల్ బార్ట్‌లెట్ ఒక విషయం గమనించాడు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే పదార్థం ఆక్సిజన్ అణువు నుండి సైతం ఎలక్ట్రాన్‌ను లాగివేయగలదు. అందుకు కావలసిన శక్తి దాదాపు 12.1 ఎలక్ట్రాన్ వోల్టులు. జినాన్ అయనీకరణ శక్తి కూడా ఇంచుమించు అంతే. ఆక్సిజన్ లొంగినప్పుడు జినాన్ ఎందుకు లొంగదని ఆయన తర్కించాడు. రెండు వాయువులను కలిపిన వెంటనే పసుపు నారింజ రంగు ఘనపదార్థం ఏర్పడింది. అనేక దశాబ్దాల నమ్మకం ఒక్క ప్రయోగంతో సడలిపోయింది.

దీనికి కారణం కూడా ఎలక్ట్రాన్ల అమరికలోనే ఉన్నది. హీలియం నుండి రేడాన్ వరకు వచ్చేకొద్దీ కర్పరాల సంఖ్య పెరుగుతుంది. వెలుపలి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరమవుతాయి. లోపలి ఎలక్ట్రాన్లు అడ్డు నిలవడం వల్ల కేంద్రకపు పట్టు సడలుతుంది. అయనీకరణ శక్తి హీలియంకు 24.6, నియాన్‌కు 21.6, ఆర్గాన్‌కు 15.8, క్రిప్టాన్‌కు 14.0, జినాన్‌కు 12.1, రేడాన్‌కు 10.7 ఎలక్ట్రాన్ వోల్టులుగా తగ్గుతూ వస్తుంది. కుండ నిండినదే కాని, పెద్ద కుండను గట్టిగా కుదిపితే తొణుకుతుంది. అందుచేత నేటి గ్రంథాల్లో వీటికి ఉత్కృష్ట వాయువులన్న పేరు ఎక్కువగా వాడుకలో ఉన్నది.

కలవని ఈ గుణమే లోకానికి ఉపకరిస్తున్నది. గాలిలో దాదాపు 0.93 శాతం ఉన్న ఆర్గాన్, వెల్డింగు పనిలో కాగిన లోహాన్ని ఆక్సిజన్ తాకకుండా కాపాడుతుంది. మంటలంటుకోని హీలియం బెలూన్లను ఎగురవేస్తుంది. సుమారు మైనస్ 269 డిగ్రీల వద్ద మరిగే ద్రవ హీలియం, ఆసుపత్రుల్లోని ఎమ్మారై యంత్రాల అయస్కాంతాలను చల్లబరుస్తుంది. నియాన్ విద్యుద్దీపాల్లో ఎర్రని కాంతినిస్తుంది. ఇతరులతో కలవనంత మాత్రాన అన్నీ నిరపాయకరమైనవని భావించరాదు. రేడాన్ రేడియోధార్మిక వాయువు. దాని ఎలక్ట్రాన్లు స్థిరంగా ఉన్నా కేంద్రకం స్థిరమైనది కాదు.

జడమన్నది చలనం లేనిదానికి, కొరత ఉన్నదానికి చెల్లే మాట. ఈ వాయువులు ఊరకున్నది కొరత వల్ల కాదు, నిండుతనం వల్ల. పైకి కనిపించే నడవడికి లోపలి అమరిక కారణమని తెలుసుకున్నప్పుడే పేరులోని లోపం తెలిసింది. ఆ తెలివిడికి తోడ్పడినవారందరూ చిన్న తేడాను చిన్నదని తోసివేయనివారే. రేలీకి అర శాతం బరువు, లాకియర్‌కు రెండు నానోమీటర్లైనా లేని ఎడం, బార్ట్‌లెట్‌కు రెండు అంకెల సామ్యం దారి చూపాయి. పల్నాటి పొలాల మీదుగా సాగి గుంటూరును కమ్మిన ఐదు నిమిషాల చీకటి లోకానికి మిగిల్చిన వెలుగు ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
వేధశాల = గ్రహ నక్షత్రాలను పరిశీలించే స్థలం
విన్యాసం = అమరిక, కూర్పు
ఏకీభవించు = ఒకటిగా కలియు
ఉపేక్షించు = పట్టించుకోక విడిచిపెట్టు
వైచిత్రి = వింత
ప్రచండం = మిక్కిలి తీవ్రమైనది
సామ్యం = పోలిక
ఉత్కృష్టం = శ్రేష్ఠమైనది

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. 1868 నాటి సూర్యగ్రహణ పరిశీలన హీలియం ఆవిష్కరణకు ఎట్లా దారితీసింది?
2. 'నిండుకుండ తొణకదు' అన్న సామెత జడవాయువులకు ఎట్లా వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. సూర్యునిలో విస్తారంగా ఉన్న హీలియం సాధారణ సూర్యకాంతిలో ఎందుకు కనిపించదు?
2. సున్నంలో కాల్షియం, ఆక్సిజన్‌లకు ఏయే జడవాయువుల అమరిక లభిస్తుంది?
3. బార్ట్‌లెట్ తర్కాన్ని వివరించండి.

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. హీలియం అన్న పేరు ఏ పదం నుండి పుట్టింది?
2. అష్టకమంటే ఏమిటి?
3. వనపర్తిలో గ్రహణాన్ని పరిశీలించడానికి విడిది చేసినది ఎవరు?

ఈ) ఈ క్రింది పదాలను విడదీసి, సంధుల పేర్లు రాయండి.
వర్ణావరణం, రుణావేశం, అందుచేతనే, విద్యుద్దీపం